మేత బస్తా, మిఠాయి డబ్బా

గణపవరం నుంచి నిడమర్రు మీదుగా కొల్లేరు వైపు సాగే దారి పొడవునా చేపల చెరువులే. గట్ల మీద షెడ్లు, షెడ్ల నిండా మేత బస్తాలు. ఈ ప్రాంతంలో అన్నిటికంటే శ్రద్ధగా చదివే పోషకాహార లేబుల్ ఆ బస్తాల మీదే ఉంటుంది. ముడి ప్రోటీన్ కనీసం ఇంత శాతం, కొవ్వు కనీసం ఇంత, పీచు ఇంతకు మించదు, తేమ ఇంతకు మించదు అని నాలుగు వరుసలు. వనామీ రొయ్యకైతే ప్రోటీన్ 35 శాతానికి అటూ ఇటూగా ఉండాలి. నీటి మీద తేలే చేపల మేతలో అంతకంటే తక్కువ శాతాల రకాలు చాలా ఉన్నాయి. రెండు శాతం తేడాకి బస్తా ధర ఎంత మారుతుంది, ఆ ధరకు చేప ఎంత తూగుతుంది అన్నది రైతు నోటి లెక్కగా చెప్పేస్తాడు. కాలేజీ మెట్లెక్కని మనిషి కూడా ఎఫ్‌సీఆర్ అనే మాట రోజూ వాడతాడు. కిలో చేప పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క అది.

అదే మనిషి సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి వస్తూ పిల్లలకి మిఠాయి డబ్బా తెస్తాడు. డబ్బా వెనక కూడా అంకెల పట్టిక ఉంటుంది. ఆయన తారీఖు చూస్తాడు, ధర చూస్తాడు, మూత తీస్తాడు. చదువు రాక కాదు, ఒళ్లు బద్ధకించీ కాదు. మేత బస్తా మీది అంకె పట్టుబడి రోజున కాటా మీద కనిపిస్తుంది, డబ్బుగా మారుతుంది. మిఠాయి డబ్బా మీది అంకె దేనిగా మారుతుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఒక అంకె తెలిసినందువల్ల మనిషి చేసే పని ఏదీ మారకపోతే ఆ అంకె అచ్చువేసి ఏం లాభం? మిఠాయి లేబుల్ ఉపయోగం గురించి నిజంగా అడగవలసిన ప్రశ్న ఇదేనని నా ఉద్దేశం.

ముందు ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. ప్రోటీన్‌ని నేరుగా కొలవడం కష్టం. అందులో ఉండే నత్రజనిని కొలవడం తేలిక. డెన్మార్క్‌లో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేసిన యోహాన్ కెల్డాల్ 1883లో ఆ పద్ధతి కనిపెట్టాడు. పదార్థాన్ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరగబెట్టి, నత్రజని ఎంతుందో తేల్చి, దాన్ని 6.25తో హెచ్చవేస్తే ప్రోటీన్ వస్తుంది. సగటున ప్రోటీన్‌లో 16 శాతం నత్రజని ఉంటుంది కనుక ఈ హెచ్చవేత. మేత బస్తా మీద 'ముడి' అన్న మాట ఉండటానికి కారణం ఇదే. నత్రజని ప్రోటీన్ నుంచి వచ్చిందా, యూరియా లాంటి మరో దాని నుంచి వచ్చిందా అని ఈ పరీక్ష అడగదు. 2008లో చైనాలో నీళ్లు కలిపిన పాలలో మెలమిన్ కలిపినవాళ్లు ఈ సందులోంచే దూరారు. మెలమిన్‌లో నత్రజని దండిగా ఉంటుంది. లేబుల్ సరిపోయింది, పసిపిల్లల మూత్రపిండాలు పాడయ్యాయి.

కేలరీ లెక్క అమెరికాలో విల్బర్ అట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త పుణ్యం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆయన ఆహారాన్ని ఉక్కు పాత్రలో ప్రాణవాయువు నింపి కాల్చి వేడిని కొలిచాడు. మనుషుల్ని గదిలాంటి యంత్రంలో రోజుల తరబడి ఉంచి వాళ్ల ఒంటి వేడినీ కొలిచాడు. అన్నీ లెక్కవేసి మూడు అంకెలు మిగిల్చాడు. గ్రాము ప్రోటీన్‌కి 4 కేలరీలు, గ్రాము పిండిపదార్థానికి 4, గ్రాము కొవ్వుకి 9. ఈనాటికీ మన డబ్బాల మీద కనిపించే శక్తి అంకె చాలావరకు ఈ 4-9-4 గుణకారమే. ఎవరో మీ కాజాని యంత్రంలో పెట్టి కాల్చి చూశారనుకోకండి.

మన తిండి పదార్థాలకి ఈ లెక్కలు కట్టిన చరిత్రలో ఉత్తర సర్కారులకి ఒక చేదు వాటా ఉంది. మరపట్టిన పచ్చిబియ్యం తినే ఈ కోస్తా జిల్లాలు ఒకప్పుడు బెరిబెరి జబ్బుకి పేరుపడ్డాయి. తవుడుతోపాటు బి1 విటమిన్ పోవడం దానికి కారణం. ఆ జబ్బు మీద పరిశోధనకి 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరుల్లోని కూనూరులో ఒక చిన్న విభాగం పెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు తార్నాకకి తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1937లో కూనూరు నుంచే డబ్ల్యూ.ఆర్. ఎక్రాయిడ్ భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలు వెలువరించాడు. ఆయనే చాలా ఏళ్ల తర్వాత పంచదార చరిత్ర మీద ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకం పేరులోనే పంచదారని తీపి నేరస్తుడిగా నిలబెట్టాడు. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ తెచ్చిన పట్టికలు, 2017లో 528 ఆహారాలతో వచ్చిన కొత్త పట్టికలు ఆ వరసలోవే. మనుషులు బియ్యం నుంచి తీసేసిన తవుడు, నూనె పిండుకున్న తర్వాత, ఇదే కొల్లేరు చెరువుల్లో కన్నాల బస్తాల్లో వేలాడి శీలావతి, బొచ్చె చేపల్ని పెంచింది. ఇది దారి తప్పిన ముచ్చటే. అయినా పోషకాల విషయంలో మనం చేపలకి చూపిన తెలివి మనకి మనం చూపుకోలేదన్నది ఇవాళ్టి సంగతి కాదని చెప్పడానికి పనికొస్తుంది.

ఇక మిఠాయి డబ్బా దగ్గరికి వద్దాం. 2006 ఆహార భద్రతా చట్టం కింద ఏర్పడిన ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో లేబులింగ్ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ముందే ప్యాక్ చేసి అమ్మే పదార్థం మీద శక్తి, ప్రోటీన్, పిండిపదార్థం, అందులో మొత్తం చక్కెరలు, విడిగా కలిపిన చక్కెరలు, మొత్తం కొవ్వు, సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, కొలెస్టరాల్, సోడియం చెప్పాలి. 100 గ్రాములకి ఎంతో రాయాలి. ఒక వడ్డనకి అది రోజు కోటాలో ఎంత శాతమో కూడా రాయాలి. ఆ కోటా 2000 కేలరీలు తినే పెద్దవాళ్లకి కట్టింది. 67 గ్రాముల కొవ్వు, అందులో సంతృప్త కొవ్వు 22 గ్రాములు, కలిపిన చక్కెర 50 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములు. ఆ 50 గ్రాములు కూడా గరిష్ఠ పరిమితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇదే గీత, అంటే రోజు కేలరీల్లో పది శాతం, గీస్తూ, అందులో సగానికి, అంటే 25 గ్రాములకి దిగితే ఇంకా మేలంది. ఆరేళ్ల పిల్లాడు తినే డబ్బా మీద కూడా శాతం కట్టేది పెద్దవాళ్ల కోటాతోనే.

"స్వీటులో పంచదార ఉంటుందని డబ్బా చదివి తెలుసుకోవాలా అండీ?" అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. రూపాయి చాక్లెట్టు బిళ్లనే చూడండి. గట్టి బిళ్లలో నూటికి తొంభై పాళ్లకి పైగా చక్కెర, గ్లూకోజు పాకమే. నాలుగు గ్రాముల బిళ్లకి పదిహేను, పదహారు కేలరీలు. అందులో తెలుసుకోవలసిన రహస్యం లేదు. చట్టం కూడా దాన్ని వదిలేసింది. చుట్టిన కాగితం 100 చదరపు సెంటీమీటర్ల లోపు ఉంటే పోషకాల పట్టిక, పదార్థాల జాబితా దాని మీద అక్కర్లేదు, అవన్నీ పెద్ద ప్యాకెట్ మీదో జాడీ మీదో ఉంటే చాలు. జాడీ కిరాణా కొట్లో ఉంటుంది, బిళ్ల పిల్లాడి జేబులో ఉంటుంది. పిల్లలు రోజూ తినే తీపికి మాత్రం లేబుల్ చేతికందదన్నమాట.

అయితే మన మిఠాయిల్లో అసలు విషయం చాలాసార్లు పంచదార కాదు, నెయ్యి. మైసూరుపాకు తీసుకోండి. వంటవాళ్లు చెప్పే మామూలు పాళ్లు: శనగపిండి ఒక వంతు, పంచదార రెండు, నెయ్యి రెండు. పిండి 100 గ్రాములైతే దాని నుంచి సుమారు 370 కేలరీలు, 200 గ్రాముల పంచదార నుంచి 800, 200 గ్రాముల నెయ్యి నుంచి 1800. మొత్తం 2970లో అరవై శాతం నెయ్యిదే. చక్కెర జబ్బున్న మనిషి పంచదార మానేసి, పంచదార లేని మైసూరుపాకు కొనుక్కుని, ఆ ధైర్యంతో రెండు ముక్కలు ఎక్కువ తింటే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది. నాలిక తీపిని పసిగట్టినంత బాగా కొవ్వుని పసిగట్టలేదు. లేబుల్ పనికొచ్చేది నాలిక తప్పు చెప్పే ఈ చోటునే.

పంచదార లేని మిఠాయిల మాట వచ్చింది గనుక ఇంకో సంగతి. షుగర్ ఫ్రీ అని రాయాలంటే 100 గ్రాముల్లో చక్కెర అర గ్రాము దాటకూడదు. కోవాతో చేసిన మిఠాయి ఈ గీత లోపల ఉండటం దాదాపు అసాధ్యం. లీటరు గేదెపాలు మరిగిస్తే వచ్చే కోవా సుమారు 200 గ్రాములు. పాలలో ఉండే లాక్టోజు ఎక్కడికీ పోదు, అయిదింతలు చిక్కబడుతుంది. కోవా బరువులో అయిదో వంతుకి పైగా పాల చక్కెరే. ఒక్క చెంచా పంచదార వెయ్యకపోయినా మొత్తం చక్కెరల వరుసలో ఇరవై పైచిలుకు అంకె పడుతుంది, కలిపిన చక్కెరల వరుసలో సున్నా పడుతుంది. ఈ రెండు వరుసలు విడివిడిగా ఎందుకున్నాయో దీంతో తెలుస్తుంది. చక్కెర కలపలేదన్న మాట ఇలాంటి డబ్బా మీద నిజం కావచ్చు, చక్కెర లేదన్న మాట కాదు. బెల్లం సంగతీ ఇక్కడే చెప్పేయాలి. బెల్లంతో చేశాం కనుక చక్కెర లేదనడం ఈమధ్య బాగా పెరిగింది. బెల్లంలో కొద్దిపాటి ఇనుము, ఇతర ఖనిజాలు, మంచి రంగు, రుచి ఉన్నాయి. మిగతాదంతా దాదాపు సుక్రోజే. గ్రాముకి అవే నాలుగు కేలరీలు.

ఇప్పుడు మనమే ఒక లేబుల్ తయారుచేద్దాం. సున్నుండ అందుకు బాగా పనికొస్తుంది. మినపప్పు 100 గ్రాములు, బెల్లం 100, నెయ్యి 60 అనుకుందాం. 1971 నాటి పట్టిక ప్రకారం పప్పుకి 347 కేలరీలు, బెల్లానికి 383, నెయ్యికి 540. మొత్తం 1270. బరువు 260 గ్రాములు కావాలి గానీ, పప్పు వేయించేటప్పుడు తేమ పోయి పది గ్రాములు తగ్గుతుంది. 250 అనుకోండి. అంటే 100 గ్రాముల సున్నుండకి 508 కేలరీలు, ప్రోటీన్ తొమ్మిదిన్నర గ్రాములు, బెల్లం నుంచి చక్కెర 38 గ్రాములు, కొవ్వు పాతిక గ్రాములు. చేతిలో నిండుగా ఉండే ఉండ 40 గ్రాములు తూగితే ఒక్క ఉండకి 200 కేలరీలు, చక్కెర 15 గ్రాములు. రోజు కోటాలో చక్కెర 30 శాతం, నెయ్యిలోని సంతృప్త కొవ్వు పాతిక శాతం పైమాట. ప్రోటీన్ కూడా నాలుగు గ్రాముల దాకా ఉంది. పెరిగే ఆడపిల్లలకి సున్నుండ పెట్టిన అమ్మమ్మల లెక్క పూర్తిగా తప్పు కాదన్నమాట. కాకపోతే ఆ పిల్ల రోజంతా ఎగిరిదూకేది.

సున్నుండకి లెక్క ఇంత తేలిగ్గా కుదరడానికి కారణం ఉంది. గిన్నెలో వేసిందంతా ఉండలోనే ఉంటుంది. తాపేశ్వరం మడత కాజా దగ్గర ఈ పద్ధతి చతికిలబడుతుంది. మైదాపిండి మడతలు నూనెలో వేగుతాయి, తర్వాత పాకంలో మునుగుతాయి. మూకుట్లో పోసిన నూనె ఎంతో తెలుసు, కాజా తాగింది ఎంతో తెలియదు. నూనె సరిగా కాగకపోతే ఎక్కువ పీలుస్తుంది. పాకం తీగ వచ్చిందా ఇంకా పలచగా ఉందా, కాజా వేడిగా మునిగిందా చల్లారి మునిగిందా, జల్లెడలో ఎంతసేపు వాడ్చారు, ఇవన్నీ చక్కెర అంకెని కదిలిస్తాయి. కాకినాడ గొట్టం కాజా అయితే పాకాన్ని కడుపులో దాచుకుంటుంది, కొరికితే గాని బయటపడదు. ఇలాంటి వాటికి రెండే దారులు. నూనె, పాకం ముందూ వెనకా తూచి ఎంత తరిగిందో తేల్చడం ఒకటి, నమూనాలు పట్టుకెళ్లి ప్రయోగశాలలో పరీక్ష చేయించడం ఇంకొకటి. పరీక్ష చేయించినా నిన్నటి వాయి, ఇవాళ్టి వాయి ఒక్కలా ఉండవు. అమెరికా నిబంధనలు కూడా లేబుల్ మీద రాసిన చక్కెర, కేలరీల కంటే అసలు అంకె 20 శాతం దాకా ఎక్కువున్నా తప్పు పట్టవు. కనుక డబ్బా మీద 412 అని కనిపిస్తే చివరి రెండంకెలని మరీ పట్టించుకోనక్కర్లేదు. నాలుగు వందలని గుర్తుంచుకుంటే చాలు.

ఇంతకీ మన ఊళ్లలో అమ్ముడయ్యే మిఠాయిలో ఎంత భాగానికి ఈ లేబుల్ ఉంటుంది? అద్దాల బీరువాలో పళ్లేల మీద పెట్టి, అడిగినంత తూచి, అట్టపెట్టెలో సర్ది ఇచ్చేది చట్టం దృష్టిలో ముందే ప్యాక్ చేసిన ఆహారం కాదు. దానికి పోషకాల పట్టిక అక్కర్లేదు. పెద్ద హోటళ్లకీ, పది గాని అంతకంటే ఎక్కువ గాని చోట్ల శాఖలున్న సంస్థలకీ మెనూలో కేలరీలు చూపాలన్న నియమం 2022లో వచ్చింది గానీ, గణపవరం సెంటర్లో కొట్టుకీ పిప్పర బస్టాండు కొట్టుకీ అది తగలదు. విడిగా అమ్మే మిఠాయి పళ్లెం పక్కన ఏ తారీఖులోగా తినాలో రాసి పెట్టాలన్న నియమం మాత్రం 2020 అక్టోబరు 1 నుంచి ఉంది. కొన్ని కొట్లు పెడతాయి, కొన్ని పెట్టవు. తూకంలో ఖాళీ పెట్టె బరువు కలపకూడదన్న నియమం అంతకంటే పాతది, దాని గతి మీకూ తెలుసు.

లేబుల్‌కి అసలు దొరకని తీపి ఇంకొకటి ఉంది, సారె. ఈ జిల్లాల్లో ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లినా, ఆషాఢమొచ్చినా, పురుడొచ్చినా లడ్డూలు, కాజాలు, మైసూరుపాకు, అరిసెలు, కజ్జికాయలు, గవ్వలు, బూందీ గంపలకొద్దీ వస్తాయి. వీధి వీధంతా పంచుతారు. చెరువులు కలిసొచ్చిన ఏడాది గంపలు పెరుగుతాయి, అది పరువు లెక్క. దానికి పట్టిక అడిగేవాడిని ఊళ్లో ఎవరూ మెచ్చుకోరు, నేనూ మెచ్చుకోను. కానీ వడ్డన అనే మాట ఎంత కల్పితమో సారె బాగా చూపిస్తుంది. డబ్బా మీద వడ్డన పాతిక గ్రాములనో ముప్పై గ్రాములనో ఉంటుంది. పక్కింటి పిన్నిగారు పళ్లెంలో పెట్టి ఇచ్చే వడ్డనలో రకానికొకటి ఉంటుంది, రకాలు అయిదారు ఉంటాయి. అందుకే నా మాట వింటే వడ్డన అంకె చూడకండి, 100 గ్రాముల అంకె చూడండి. రెండు డబ్బాలని పోల్చడానికి అదొక్కటే దారి.

ఇప్పుడు పెద్ద ప్రశ్న. జనం లేబుల్ చదువుతారా? చదివితే తిండి మారుతుందా? జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఢిల్లీ, హైదరాబాదు సూపర్ మార్కెట్లలో పద్దెనిమిది వందల మందికి పైగా కొనుగోలుదారులని అడిగి 2014లో ఫలితాలు ప్రచురించారు. నూటికి తొంభై మంది లేబుల్ చదువుతామన్నారు. అయితే ఎక్కువమంది చూసేది తయారీ తేదీ, గడువు తేదీ. పోషకాలు, పదార్థాల జాబితా చూసేవాళ్లు మూడో వంతే. మిగతావాళ్లకి ఆ పట్టిక మరీ సాంకేతికంగా, అర్థంకానిదిగా కనిపించింది. ఇది సూపర్ మార్కెట్లో కొనే నగరవాసుల మాట. తారీఖు ఎందుకు చదువుతారో గమనించండి. గడువు దాటితే కొనరు, అంకె వెంటనే నిర్ణయంగా మారుతుంది. మేత బస్తాకి వర్తించిన సూత్రమే ఇక్కడా పనిచేసింది.

వివిధ దేశాల్లో జరిగిన 60 ప్రయోగాలని కలిపి 2019లో ఒక సమీక్ష వచ్చింది. లేబుల్ వల్ల తినేవాళ్లు తీసుకునే కేలరీలు ఆరేడు శాతం తగ్గాయని, కొవ్వు పది శాతం పైన తగ్గిందని తేలింది. తీసిపారేసేంత చిన్నవి కావు, గొప్పలు చెప్పుకునేంత పెద్దవీ కావు. ఆ సమీక్షలో నన్ను కట్టిపడేసిన అంకె వేరే ఉంది. లేబుల్ మీద రాయాల్సి వచ్చేసరికి తయారీదారులు తమ సరుకులో కృత్రిమ ట్రాన్స్ కొవ్వుని 64 శాతం తగ్గించారు. అమెరికాలో 2006లో ట్రాన్స్ కొవ్వుకి ప్రత్యేక వరుస పెట్టగానే బిస్కెట్లు, కేకుల వంటకాలు మారిపోయాయి. కొనేవాళ్లలో ఎంతమంది ఆ వరుస చదివారన్నది పక్కన పెట్టండి, అమ్మేవాడు చదువుకున్నాడు. పక్క కంపెనీ సున్నా వేస్తే తను రెండు వెయ్యడానికి మొహం చెల్లలేదు. మన దేశంలో నూనెలు, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వుకి 2021లో 3 శాతం, 2022లో 2 శాతం హద్దు పెట్టారు. వనస్పతి పోసి లడ్డూలు చుట్టిన కాలంతో పోలిస్తే ఇది పెద్ద మార్పు. ఈ మార్పుని చట్టం చేసింది, డబ్బా చదివినవాళ్లు కాదు. లేబుల్ తినేవాడి కోసమనుకుంటాం గానీ, దాని దెబ్బ ఎక్కువ తగిలేది వండేవాడికి.

చేపల మేత విషయంలోనూ అంతే. 2020లో ఆంధ్రప్రదేశ్ చేపల మేత నాణ్యత మీద విడిగా చట్టమే చేసింది. బస్తా మీద రాసిన ప్రోటీన్ బస్తాలో ఉండకపోతే అడిగే నాథుడున్నాడన్నమాట. రైతు లేబుల్ చదవడానికి ధైర్యం అక్కడి నుంచి వస్తుంది.

చిలీ దేశం 2016లో పట్టికని నమ్ముకోవడం మానేసి, డబ్బా ముందుభాగాన నల్లటి అష్టభుజి ముద్ర వేయించింది. చక్కెర ఎక్కువ, ఉప్పు ఎక్కువ, సంతృప్త కొవ్వు ఎక్కువ అని ఒక్కో దానికి ఒక్కో ముద్ర. ముద్ర పడిన వాటిని బడుల్లో అమ్మకూడదు, వాటి మీద పిల్లల్ని ఊరించే కార్టూను బొమ్మలు వెయ్యకూడదు. ముద్ర పడిన తీపి పానీయాల కొనుగోళ్లు సుమారు నాలుగో వంతు తగ్గాయి. చదవడానికి క్షణం కూడా పట్టని లేబుల్ అది. మన దగ్గర 2022లో నక్షత్రాల రేటింగు ముసాయిదా వచ్చింది. సిగరెట్టు పెట్టె మీది హెచ్చరికలాంటిది కావాలా, హోటళ్లకిచ్చే చుక్కల్లాంటివి కావాలా అని పోషకాహార నిపుణులకీ పరిశ్రమకీ వాదులాట నడిచింది. 2024 జులైలో చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు అంకెల్ని పెద్ద అక్షరాల్లో ముద్రించాలన్న ప్రతిపాదనకి ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒప్పుకుంది. 2025 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ముందుభాగపు లేబుల్ మీద సిఫారసులు తేల్చడానికి మూడు నెలల గడువు పెట్టింది. నా ఓటు నల్ల ముద్రకే. నక్షత్రంలో చిక్కేమిటంటే, గుప్పెడు బాదం పలుకులు వేసి చక్కెర దోషాన్ని కప్పిపుచ్చే వీలు దొరుకుతుంది.

అదే ఏడాది మేలో సీబీఎస్ఈ తన బడుల్లో షుగర్ బోర్డులు పెట్టమంది. ఏ పానీయంలో, ఏ చిరుతిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకి గోడ మీద కనిపించాలని. కేంద్ర ఆరోగ్యశాఖ జూన్‌లో ఆఫీసుల్లో నూనె, చక్కెర బోర్డులు పెట్టమంది. అది జులైలో బయటికొచ్చేసరికి, సమోసా మీదా జిలేబీ మీదా సిగరెట్టు హెచ్చరికలు వస్తున్నాయని వార్త గుప్పుమంది. బండి మీద అమ్మేవాటికి అలాంటి లేబులేమీ లేదని ప్రభుత్వం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. జిలేబీ జోలికొస్తే జనం ఎలా లేస్తారో ఆ గొడవ చూపించింది.

లేబుల్ చెప్పని విషయాలూ ఉన్నాయి, వాటి గురించి ఎక్కువ మాట్లాడను. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించింది, అందులో బట్టలకి వేసే రోడమిన్-బి రంగు బయటపడింది కనుక. అలాంటి రంగు కలిపేవాడు దాన్ని జాబితాలో రాయడు. నెయ్యిలో కల్తీ చేసేవాడూ అంతే. దొంగని పట్టేది తనిఖీ, ప్రయోగశాల. నిజాయితీగా వండేవాడిని నిలదీసేంతవరకే లేబుల్ శక్తి.

ఐసీఎంఆర్ 2023లో ప్రచురించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైన, అంచున ఉన్నవాళ్లు 13 కోట్ల పైన. 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ మొదలైన రోజుల్లో పంచదార పండగ సరుకు. ఇప్పుడది కాఫీలో, బిస్కెట్లో, సాయంత్రం డబ్బాలో రోజూ ఉంటోంది. అందుకే పండగ పూట తినే కాజా కంటే రోజూ ఇంట్లోకొచ్చే ప్యాకెట్ మీద లేబుల్ చదవడం ముఖ్యం. పదార్థాల జాబితా బరువు తగ్గే వరసలో ఉంటుంది. మొదటి మూడింటిలో చక్కెర ఉందా చూడండి. లిక్విడ్ గ్లూకోజు, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజు, మాల్టోడెక్స్‌ట్రిన్ అన్న పేర్లు విడివిడిగా కిందెక్కడో కనిపిస్తే అవన్నీ ఒక కుటుంబమే. విడగొట్టి రాసినందువల్ల ఒక్కొక్కటీ కిందికి దిగింది, అంతే.

ఇక విడిగా అమ్మే కొట్టు మాట. పళ్లెం పక్కన తారీఖు చీటీ ఎలాగూ పెట్టాలి. దాని మీద ఇంకో మూడు అంకెలకి చోటుంది. ఒక్కో ముక్క బరువెంత, అందులో చక్కెర ఎంత, కొవ్వు ఎంత. మొదటిది అన్నిటికంటే పనికొచ్చేది. కాజా తినని వాళ్లు ఈ చుట్టుపక్కల లేరు గానీ, ఒక్క కాజా ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పగలిగినవాళ్లూ లేరు. సున్నుండ, మైసూరుపాకు, కోవా బిళ్ల లాంటి వాటి లెక్క పైన వేసినట్టు కొట్టువాడి కూతురో కొడుకో ఇంటర్ చదువుతుంటే ఒక సాయంత్రంలో కట్టేయగలరు. కాజాలకీ జిలేబీలకీ మాత్రం మూకుడూ పాకం గిన్నే వాయికి ముందొకసారి, తర్వాతొకసారి కాటా ఎక్కాలి. కాటా కొట్లో ఉన్నదే.